తోకలో తెలిసే ఊపిరి

పంజరంలో పుల్ల మీద కదలకుండా కూర్చున్న బడ్జీ తోక లయ తప్పకుండా కిందికీ పైకీ ఊగుతూ ఉంటే, కుక్క తోక ఊపడం అలవాటుగా చూసిన కళ్ళకు అది ఉల్లాసంగానే తోస్తుంది. ఎగిరి వచ్చి వాలిన పిట్ట తోక రెండు మూడు నిమిషాలు అలా ఊగి ఆగిపోతే దిగులు పడనక్కర లేదు. అయితే విశ్రాంతిగా ఉన్న పక్షి తోక ప్రతి ఊపిరికీ ఒకసారి వంగి లేస్తూ ఉంటే, ఆ పక్షి ఊపిరి కోసం ఒళ్ళంతా కూడగట్టుకుని శ్రమిస్తోందని అర్థం. ఊపిరితిత్తులు ఛాతీలో ఉండగా బాధ తోకలో బయటపడడమేమిటన్న సందేహానికి జవాబు పక్షి శ్వాస సాగే తీరులో ఉంది. ఆ తీరు మనిషి శ్వాసకు పూర్తిగా భిన్నమైనది కనుక, దాన్ని తెలుసుకుంటే జబ్బుపడిన బడ్జీకి ఏది మేలో ఏది కీడో చాలావరకు దానంతట అదే తేలిపోతుంది.

తెలుగునాట దుకాణాలలో ‘లవ్ బర్డ్స్’ అన్న పేరుతో అమ్మే పిట్టలలో అధికభాగం ఈ బడ్జీలే. అసలైన లవ్ బర్డ్స్ ఆఫ్రికా ఖండానికి చెందిన వేరే జాతి కాగా, బడ్జీ ఆస్ట్రేలియా నడిమి మెట్టప్రాంతాలలో గుంపులుగా తిరిగే చిన్న చిలుక. జాన్ గూల్డ్ అనే పక్షి శాస్త్రజ్ఞుడు 1840లో ప్రాణంతో ఉన్న బడ్జీలను ఇంగ్లండుకు తీసుకువెళ్ళిన తరువాతే అది ప్రపంచమంతటా ఇంటి పక్షిగా వ్యాపించింది. మన రామచిలుకను పంజరంలో ఉంచడాన్ని 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం నిషేధిస్తున్నా ఆ చిలుక ఇంకా చాలా ఇళ్ళ వసారాలలో వేలాడుతూనే ఉండడం వేరే విచారం. పరదేశపు పక్షి అయిన బడ్జీకి మాత్రం ఆ నిషేధం వర్తించదు. దీని బరువు 30 నుంచి 40 గ్రాములు, అంటే కోడిగుడ్డు బరువులో రమారమి మూడింట రెండు వంతులు. అంత చిన్న దేహం నిమిషానికి 60 నుంచి 80 సార్ల దాకా ఊపిరి తీస్తుంది.

కమ్మరి తిత్తి, గుడి వరుస

మనిషి ఊపిరితిత్తికి ఉన్నది ఒకే వాకిలి. గాలి ఏ దారిన లోపలికి వెళ్ళిందో ఆ దారినే వెనక్కి రావాలి కనుక, ఎంత గట్టిగా నిట్టూర్చినా లోపల కొంత పాత గాలి మిగిలిపోయి, తరువాత వచ్చిన కొత్త గాలితో కలిసి దాన్ని పలచన చేస్తుంది. రద్దీగా ఉన్న గుడిలోకి ఒకే ద్వారం గుండా వచ్చేవారినీ పోయేవారినీ పంపితే ఎంత తొక్కిసలాటగా ఉంటుందో ఇదీ అంతే. పక్షి ఊపిరితిత్తి మాత్రం ఒక ద్వారంలో ప్రవేశించి దర్శనం చేసుకుని మరో ద్వారంలో బయటపడే ఏర్పాటు వంటిది. అందులో గాలి ఎప్పుడూ ఒకే దిశలో సాగుతుంది, ఎదురు రాదు.

ఈ ఏకముఖ ప్రవాహాన్ని నడిపించేవి ఊపిరితిత్తులు కావు, వాటికి ముందూ వెనుకా దేహమంతటా పరుచుకుని ఉండే పలుచని గాలి సంచులు. సాధారణంగా ఇవి తొమ్మిది. పక్షి లోపలికి పీల్చిన తాజా గాలిలో ఎక్కువ భాగం ఊపిరితిత్తిని దాటుకుని నేరుగా వెనుక సంచులలోకి చేరుతుంది. ఊపిరి వదిలినప్పుడు అది బయటికి పోకుండా ఊపిరితిత్తి గుండా ప్రవహించి రక్తానికి ప్రాణవాయువును అందిస్తుంది. రెండోసారి పీల్చినప్పుడు, వాడిపోయిన ఆ గాలి ముందు సంచులలోకి జరుగుతుంది. రెండోసారి వదిలినప్పుడు మాత్రమే అది గొంతు దాటి వెలుపలికి వస్తుంది. ఈ విధంగా ఒక్క గుక్కెడు గాలి పక్షి దేహాన్ని చుట్టి రావడానికి రెండు ఊపిరులు పడతాయి. అయినా పీల్చేటప్పుడూ వదిలేటప్పుడూ కూడా ఊపిరితిత్తికి గాలి అందుతూనే ఉంటుంది. కమ్మరి కొలిమిలో జంట తిత్తులు ఒకదాని తరువాత ఒకటి నొక్కుతూ నిప్పుకు గాలి తెగకుండా చూసినట్టే ఈ సంచులూ పనిచేస్తాయి.

గాలి సంచులు కొన్ని పక్షుల ఎముకల డొల్లలలోకి కూడా చొచ్చుకుపోయి ఉంటాయని జాన్ హంటర్ అనే బ్రిటిష్ శస్త్రవైద్యుడు 1774లో ప్రకటించిన వ్యాసంలో వివరించాడు. గొంతు గొట్టాన్ని మూసివేసినా, రెక్క ఎముకను కోసిన చోటి రంధ్రం గుండా పక్షి ఊపిరి తీయగలుగుతోందని ఆయన ప్రయోగాలలో తేలింది. వినడానికి క్రూరంగా ఉన్న ఈ పరిశీలన రెండు శతాబ్దాల తరువాత పక్షుల ప్రాణాలు నిలిపే పద్ధతికి దగ్గరి చుట్టమైంది.

మనిషికి ఛాతీనీ పొట్టనూ వేరుచేసే డయాఫ్రమ్ అనే కండర పొర కిందికి దిగితే ఊపిరితిత్తులు విచ్చుకుంటాయి. అటువంటి డయాఫ్రమ్ పక్షికి లేదు. దాని ఊపిరితిత్తులు పక్కటెముకలకు అంటుకుని బిగుసుకుని ఉంటాయి కనుక పెద్దగా ఉబ్బవు. పక్షి రొమ్ము ఎముకను తిత్తి పిడిలా ముందుకూ కిందికీ జరిపి గాలిని లోపలికి తీసుకుంటుంది, వెనక్కి లాగి బయటికి పంపుతుంది. విశ్రాంతిలో ఉన్న మనిషికి ఊపిరి వదలడానికి ప్రత్యేకంగా శ్రమ అక్కర లేకపోగా, పక్షికి తీయడమూ పనే, వదలడమూ పనే. గాలి దారిలో అడ్డు పెరిగిన కొద్దీ రొమ్ము కండరాలకు తోడుగా పొట్ట కండరాలు కూడా బలంగా ముడుచుకోవలసి వస్తుంది. ఆ కండరాలు కటి ఎముకలను లాగినప్పుడల్లా వాటి చివరన ఉన్న పొడవాటి తోక తక్కెడ ముల్లులా ఆ లాగుడును పెద్దది చేసి చూపిస్తుంది. తోక ఊగడంలోని మర్మం ఇంతే.

పక్షిని పట్టుకునే పద్ధతి కూడా దీని నుంచే తెలుస్తుంది. గొంతు చుట్టూ వేళ్ళు తగలడం కన్న రొమ్ము చుట్టూ పిడికిలి బిగియడం బడ్జీకి ఎక్కువ ప్రమాదం. రొమ్ము ఎముక కదలలేకపోతే, ముక్కూ నోరూ తెరిచి ఉన్నా పక్షికి ఊపిరి అందదు. ముద్దుగా గుప్పిట్లో పట్టుకున్న పిల్లవాడి చేతిలో పిట్ట చనిపోతే దానికి భయం ఒక్కటే కారణం కాదు.

ఈ ఏర్పాటు ఎంత సమర్థమైనదో చూపడానికి బడ్జీనే సాక్ష్యం చెప్పింది. అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో వాన్స్ టక్కర్ 1960లలో బడ్జీలకు చిన్న ముసుగులు తొడిగి, గాలి సొరంగంలో ఎగరడం నేర్పి, అవి వాడుకునే ప్రాణవాయువును కొలిచాడు. గంటకు సుమారు 35 కిలోమీటర్ల వేగంతో ఎగిరేటప్పుడు వాటికి అయ్యే ఖర్చు అన్నిటికన్న తక్కువని ఆ కొలతలలో తేలింది.

గాలిలో ఉన్నదంతా లోపలికే

ప్రాణవాయువును అంత బాగా పట్టగల ఊపిరితిత్తి విషాన్ని కూడా అంతే బాగా పట్టుకుంటుంది. పక్షి ఊపిరితిత్తిలో గాలికీ రక్తానికీ మధ్య ఉండే పొర మనిషిలో కన్న పలుచన. పైగా ఒళ్ళు చిన్నదీ ఊపిరి వేగమైనదీ కావడంతో, అదే గదిలో ఉన్న మనిషికి గొంతు గరగర మనక ముందే పక్షి కుప్పకూలిపోతుంది. బొగ్గు గనులలో కార్బన్ మోనాక్సైడ్ వాయువును పసిగట్టడానికి చిన్న జంతువులనూ కేనరీ పిట్టలనూ వాడవచ్చునని జాన్ స్కాట్ హాల్డేన్ అనే శాస్త్రజ్ఞుడు 1890లలో సూచించింది ఈ కారణంగానే. బ్రిటన్ గనులలో కేనరీల స్థానంలో యంత్రాలను ప్రవేశపెట్టే నిర్ణయం 1986 దాకా వెలువడలేదు.

తెలుగు ఇంటి గాలిని ఈ కంటితో చూస్తే పంజరం ఎక్కడ ఉండకూడదో స్పష్టమవుతుంది. ఎండుమిరపకాయ పోపు ఘాటు, శుక్రవారం సాంబ్రాణి ధూపం, అగరుబత్తి, రాత్రంతా కాలే దోమల చక్రం, బీరువా నుంచి వచ్చే కలరా ఉండల వాసన, పండగ ముందు వేసే రంగులు, దీపావళి పొగ, ఇవన్నీ మనుషులకు అలవాటైన గాలి గాని, చిన్న పక్షి శ్వాసమార్గాన్ని రేపి, అప్పటికే ఉన్న జబ్బును ముదరబెడతాయి. వీటన్నిటికన్న మోసకరమైనది వాసన కూడా సరిగా తెలియని నాన్‌స్టిక్ పెనం పొగ. ఆ పూతలో ఉండే పదార్థం మామూలు వంట వేడికి చెక్కుచెదరదు. అయితే దోసె వేయడానికి ముందు ఖాళీ పెనాన్ని పెద్ద మంట మీద పెట్టి మరిచిపోతే వేడి 280 డిగ్రీల సెల్సియస్ ప్రాంతానికి చేరి పూత విచ్ఛిన్నమవడం మొదలవుతుంది. అప్పుడు వెలువడే సూక్ష్మకణాలూ వాయువులూ చిలుక జాతి పక్షుల ఊపిరితిత్తులలో రక్తస్రావాన్ని, నీరు చేరడాన్ని కలిగించి నిమిషాల వ్యవధిలోనే చంపగలవు. దీనికి విరుగుడు మందు లేదు. పంజరాన్ని వంటింటికి దూరంగా, తలుపు అడ్డుగా ఉన్న గదిలో ఉంచడమొక్కటే ఉపాయం.

కొర్రలు తెచ్చిన ఆయాసం

బడ్జీ ఆయాసానికి మూలం ఊపిరితిత్తులలోనే ఉండనక్కర లేదు. గాలి సంచులు పొట్ట లోపలి దాకా వ్యాపించి ఉండడం వల్ల, పొట్టలో ఏది పెరిగినా అది ముందుగా ఆక్రమించేది గాలి చోటునే. అదనంగా పేరుకున్న కొవ్వు, ఉబ్బిన కాలేయం, ఇరుక్కుపోయిన గుడ్డు, మూత్రపిండాలలోనో జననాంగాలలోనో పెరిగిన కంతి, ఇవన్నీ పైకి శ్వాసరోగంలాగే కనిపిస్తాయి. ఇటువంటి కంతులు బడ్జీలలో తరచుగా ఏర్పడతాయి. మగ పక్షి ముక్కు మీది నీలి పొర గోధుమరంగుకు తిరగడం, ఒక కాలు పట్టు తప్పడం ఆయాసానికి తోడైతే, అనుభవం గల వైద్యుడు జలుబు మందు రాయడానికి ముందు పొట్టను పరీక్షిస్తాడు. వృషణాలలో పుట్టిన కొన్ని కంతులు స్త్రీ హార్మోనును విడుదల చేయడం వల్ల ముక్కు రంగు మారుతుంది, కంతి కాలి నరాన్ని నొక్కడం వల్ల కాలు పడిపోతుంది.

కారణాలన్నిటిలో బడ్జీకి అచ్చంగా చెందినదీ, నివారించడం అన్నిటికన్న సులభమైనదీ అవటుగ్రంథి వాపు. థైరాయిడ్ అన్న పేరుతో అందరికీ తెలిసిన ఈ గ్రంథి తన హార్మోనును తయారుచేయడానికి అయోడిన్ కావాలి. అది అందనప్పుడు మెదడు అడుగున ఉన్న పీయూషగ్రంథి ‘ఇంకా చేయి, ఇంకా చేయి’ అన్నట్టు ప్రేరేపిస్తూ ఉండడంతో అవటుగ్రంథి ముడిసరుకు లేని కర్మాగారంలా వృథాగా పెరిగిపోతుంది. మనిషికైతే ఆ వాపు మెడ ముందు గలగండంగా కనిపిస్తుంది. పక్షి అవటుగ్రంథి మెడలో కాక రొమ్ము పంజరపు వాకిట్లో, గాలిగొట్టం పక్కన ఇమిడి ఉండడం వల్ల వాపుకు బయటికి ఉబ్బే చోటు లేక, అది గాలిగొట్టాన్నీ ఆహారనాళాన్నీ నొక్కుతుంది. ఊపిరితో పాటు కిచకిచమనే సన్నని చప్పుడు, గొంతు మారడం, మెడ చాచి ముక్కును పంజరపు ఊచకు ఆనించి నిలబడడం, తిన్న గింజలను కక్కడం దీని ఆనవాళ్ళు.

ఈ జబ్బుకు దారి తీసేది మామూలుగా వేసే మేతే. కొర్రలు, సజ్జలు వంటి ఎండు గింజలలో అయోడిన్, కాల్షియం, విటమిన్ ఏ మూడూ కొరతే. మన దేశంలో వంట ఉప్పులో అయోడిన్ కలుపుతున్నందువల్ల ఇంట్లో మనుషులకు లేని లోటు, ఆ ఇంట్లోనే కొర్రలు తప్ప మరేదీ ఎరుగని బడ్జీకి ఏర్పడుతుంది. అలాగని నీళ్ళలో ఉప్పు కలపడం పరిష్కారం కాదు. అంత చిన్న దేహానికి ఆ ఉప్పే విషమవుతుంది. వైద్యుడు కొలిచి ఇచ్చే అయోడిన్ చుక్కలు, బడ్జీల కోసం తయారైన సమతుల మేత, కొత్తిమీర, మునగాకు, క్యారట్ తురుము వంటివి క్రమంగా అలవాటు చేయడం అసలు మార్గం. గింజలకు మరిగిన బడ్జీ పచ్చని ఆకును మొదట శత్రువులా చూస్తుందనీ, వారాల తరబడి ఓపిక పట్టాలనీ కూడా చెప్పుకోవాలి. విటమిన్ ఏ లోటు తీరకపోతే ముక్కులోపలా గొంతులోనూ తడిగా ఉండవలసిన పొర మొద్దుబారి, సూక్ష్మజీవులను అడ్డుకోలేని స్థితికి వస్తుంది.

వేరుగా ఒక మాట: వేసవి ఒగర్పు

పక్షికి చెమట గ్రంథులు లేవు. రోహిణి కార్తె ఎండలో బడ్జీ నోరు తెరిచి ఒగర్చడం గొంతులోని తడిని ఆవిరి చేసి ఒంటిని చల్లబరచుకునే ప్రయత్నం. అప్పుడు ఈకలు ఒంటికి అంటుకుని, రెక్కలు దేహానికి కొంచెం ఎడంగా ఉంటాయి. నీడకూ గాలికీ చేర్చి, గోరువెచ్చని నీటి తుంపర చల్లితే కాసేపటికి తేరుకుంటుంది. జబ్బుతో రొప్పే పక్షి ఇందుకు విరుద్ధంగా, ఒళ్ళు వెచ్చదనాన్ని కాపాడుకోవడానికి ఈకలను బంతిలా ఉబ్బించుకుని, కళ్ళు అరమూతలు వేసి, చల్లని వేళ కూడా తోక ఊపుతూ ఉంటుంది. మొదటిదానికి చల్లదనం, రెండోదానికి వెచ్చదనం కావాలి కనుక, ఈ తేడా తెలియకుండా చేసే ఉపచారం ప్రాణానికే ముప్పు తెస్తుంది.

బూజూ సూక్ష్మజీవీ

వానాకాలంలో తేమ పట్టిన గింజల సంచిలోనూ, పంజరం అడుగున తడిసిన కాగితం మీదా పెరిగే ఆస్పర్‌జిల్లస్ అనే బూజు విడిచే బీజాలు గాలిలో ఎల్లప్పుడూ కొద్దిగా ఉంటూనే ఉంటాయి. వెచ్చగా, గాలి ఆడుతూ, రక్తప్రసరణ స్వల్పంగా ఉండే గాలి సంచి ఆ బీజానికి తలుపు వేసిన తడి గది వంటిది. రక్తం చేరని చోటికి రక్షణ కణాలూ ఆలస్యంగానే చేరతాయి. గాలిగొట్టం రెండుగా చీలే చోట ఉండే శబ్దిని, అంటే పక్షి స్వరపేటిక, ఈ బూజు గూడు కట్టడానికి అనువైన ఇరుకు. అందుచేత ఆయాసం కన్న ముందు పక్షి గొంతు బొంగురుపోవడమో, మాటలు నేర్చిన బడ్జీ మూగబోవడమో మొదటి హెచ్చరిక కావచ్చు.

సూక్ష్మజీవులలో క్లామిడియా సిట్టసీ ప్రత్యేకంగా చెప్పుకోదగినది, ఎందుకంటే అది పక్షి నుంచి మనిషికి సోకుతుంది. దక్షిణ అమెరికా నుంచి ఎగుమతి అయిన చిలుకల ద్వారా 1929–30లో అనేక దేశాలకు వ్యాపించిన ‘చిలుక జ్వరం’ ఇదే. బడ్జీ దీన్ని ఏ లక్షణమూ లేకుండా మోస్తూ ఉండవచ్చు, లేదా ముక్కు కారుతూ, ఆకుపచ్చని రెట్టతో నీరసించవచ్చు. ఎండిన రెట్ట ధూళిని పీల్చినవారికి ఒకటి రెండు వారాలలో జ్వరం, తీవ్రమైన తలనొప్పి, పొడి దగ్గు మొదలై న్యుమోనియాగా మారే అవకాశం ఉంది. పంజరం అడుగును పొడిగా చీపురుతో ఊడ్వడం కన్న నీళ్ళు చిలకరించి, మాస్కు పెట్టుకుని తుడవడం మేలనడానికి ఇదే కారణం. జ్వరంతో వైద్యుని దగ్గరకు వెళ్ళినవారు ఇంట్లో పక్షి ఉన్నదని తామే చెప్పడం అవసరం, ఎందుకంటే ఆ ప్రశ్న వైద్యుడికి తట్టకపోవచ్చు.

ఆస్పత్రికి చేరే లోపు

వేటాడబడే జీవి కనుక బడ్జీ బలహీనతను చివరి దాకా దాచుకుంటుంది. యజమాని కంటికి ‘పొద్దున్న నుంచే నలతగా ఉంది’ అనిపించే పక్షి బహుశా కొన్ని వారాలుగా జబ్బుతోనే ఉండి ఉంటుంది. ఈ దాపరికాన్ని ఛేదించే చవకైన సాధనం వంటింటి డిజిటల్ తక్కెడ. 35 గ్రాముల పక్షి 3 లేదా 4 గ్రాములు తగ్గిందంటే దాని బరువులో పదో వంతు పోయినట్టే. ఈకల చాటున అది కంటికి కనిపించదు గాని తక్కెడకు కనిపిస్తుంది.

ఆయాసం మొదలైన పక్షికి చేయగల ఉపచారమంతా దాని శ్రమను తగ్గించడమే. తోటి పక్షుల నుంచి వేరుచేసి, ఎత్తయిన పుల్లలు తీసివేసి, మేత, నీరు నోటికి అందే చోట ఉంచి, పంజరాన్ని మూడు వైపుల పలుచని గుడ్డతో కప్పి, ఒక మూల 28–30 డిగ్రీల వెచ్చదనం ఉండేలా చూడాలి. వెచ్చదనం ఒక పక్కనే ఉంటే పక్షి తనకు కావలసినంత దగ్గరకు జరుగుతుంది, చాలనిపిస్తే దూరం పోతుంది. పాతకాలపు 40 వాట్ల బల్బు ఇందుకు సరిపోయేది గాని ఎల్‌ఈడీ దీపం వెలుగునే తప్ప వేడిని ఇవ్వదు కనుక, ఇప్పుడు గుడ్డ చుట్టిన వేడినీటి సీసా నయం. ఆదిలాబాద్ డిసెంబరు రాత్రికి ఈ ఏర్పాటు తప్పనిసరి, రెంటచింతల మే నెలకు నిరుపయోగం.

చేయకూడనివి ఇంకా ముఖ్యం. నోట్లో చుక్కలుగా పోసే నీళ్ళు, తేనె, కషాయం ఆయాసపడే పక్షి నాలుక మొదట్లో తెరిచి ఉన్న గాలిగొట్టంలోకి జారి ఊపిరిని పూర్తిగా ఆపివేయగలవు. మనిషి జలుబుకు వాడే కర్పూరం, మెంథాల్, యూకలిప్టస్ తైలాల ఆవిరి దానికి ఘాటైన పొగతో సమానం. దుకాణాలలో నీళ్ళలో కలపమని ఇచ్చే యాంటీబయాటిక్ పొడి విషయానికి వస్తే, ఎండు నేలల పక్షి కావడం చేత బడ్జీ మామూలుగానే బహు తక్కువ నీరు తాగుతుంది, జబ్బుపడితే ఇంకా తగ్గిస్తుంది, చేదుగా ఉంటే మానేస్తుంది. మందు మోతాదు చేరదు సరికదా, ఒంట్లో నీరు కూడా తగ్గుతుంది.

పొట్ట పక్కన ఇంకో ముక్కు

పక్షులను చూసే వైద్యుడు ఆయాసంతో వచ్చిన బడ్జీని వెంటనే చేతిలోకి తీసుకోడు. ముందు ప్రాణవాయువు నింపిన పెట్టెలో కాసేపు ఉంచి, దూరం నుంచి ఊపిరి తీరును గమనిస్తాడు. ఊపిరి పీల్చేటప్పుడు చప్పుడు వస్తే అడ్డు గొంతులోనో గాలిగొట్టంలోనో ఉందనీ, చప్పుడు లేకుండా తోక మాత్రమే ఊగితే ఊపిరితిత్తులనో గాలి సంచులనో పొట్టనో అనుమానించాలనీ అప్పుడే ఒక అంచనా ఏర్పడుతుంది. గాలి సంచులకు రక్తం స్వల్పంగానే అందడం వల్ల మింగించిన మందు అక్కడికి చాలినంత చేరదు. అందుకే మందును పొగమంచు వంటి అతి సన్నని తుంపరగా మార్చి పీల్పించే నెబ్యులైజర్‌ను వాడతారు. చిలుక జ్వరానికి డాక్సీసైక్లిన్ చికిత్స సాధారణంగా 45 రోజులు సాగుతుంది, బూజుకైతే నెలలు పట్టవచ్చు. పక్షి రెండో వారంలో హుషారుగా కూయడం చూసి మందు ఆపివేసిన ఇళ్ళలోనే జబ్బు తిరగబెడుతుంది.

శబ్దిని దగ్గర బూజు గడ్డో గింజ పొట్టో అడ్డుపడి గాలిగొట్టం పూర్తిగా మూసుకుపోతే మందు పనిచేసేదాకా ఆగే వ్యవధి ఉండదు. అప్పుడు వైద్యుడు పక్షి పక్కటెముకల వెనుక చిన్న గాటు పెట్టి వెనుక గాలి సంచిలోకి సన్నని గొట్టాన్ని దించుతాడు. బడ్జీ అంత చిన్న దేహంలో ఇది నేర్పుతో కూడిన పనే అయినా, గొట్టం చేరిన వెంటనే ముక్కుతో సంబంధం లేకుండా గాలి నేరుగా సంచిలోకి వెళ్ళి, అక్కడి నుంచి ఊపిరితిత్తికి అందుతుంది. రెక్క ఎముక రంధ్రంలో జాన్ హంటర్ చూసినది ఈ శ్వాసనే. గొట్టం ఉన్నన్నాళ్ళు గాలి శబ్దిని దాకా సరిగా రాదు కనుక పక్షి గొంతు దాదాపు మూగబోతుంది. కొద్ది రోజుల తరువాత వైద్యుడు ఆ గొట్టం మొనను వేలితో మూసి పక్షి తోక వైపు చూస్తాడు. తోక కదలకుండా నిలిచి ఉంటే గొట్టం తీసివేస్తాడు.